గంప కింద గౌరవ సభ్యులు

తప్పు నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. ఒక కొత్త సభ్యుణ్ణి నేను ఒక మాట అన్నాను. దాంతో పదకొండు వేల మంది నోళ్ళు మూతపడ్డాయి.

మా వేదిక పేరు 'నాటుకోళ్ళ నేస్తం'. ఊళ్ళో నాలుగు కోళ్ళు పెంచుకునేవాళ్ళమంతా ఇంటర్నెట్‌లో చేరి మాట్లాడుకునే చోటు అది. కోడికి తెగులొస్తే మందు చెప్పుకుంటాం, పుంజుల ఫొటోలు పెట్టుకుని మురిసిపోతాం, దాణాలో కల్తీ చేసేవాణ్ణి అందరం కలిసి తిడతాం. నా పేరు లింగాల భిక్షపతి. జనగామ వైపు ఒక పశువుల దవాఖానలో ముప్పై ఒక్కేళ్ళు కాంపౌండరుగా చేసి రిటైరయ్యాను. డాక్టరు గారు సెలవులో ఉన్న రోజుల్లో వైద్యం కూడా నేనే చేసేవాణ్ణి. ఆయన ఎక్కువగా సెలవులోనే ఉండేవారు.

ఒకరోజు కొత్తగా చేరిన ఒకాయన, 'పెట్ట గుడ్డు పెట్టాలంటే పుంజు ఉండి తీరాలా?' అని అడిగాడు. నిజానికి అక్కర్లేదు. గుడ్డు పుంజు లేకపోయినా వస్తుంది, ఆ గుడ్డులోంచి పిల్ల రావాలంటేనే పుంజు కావాలి. ఈ సంగతంతా ఓపికగా రాసి, చివర్లో చెయ్యి ఊరుకోక, 'తమరికి పెళ్ళయిందా బాబూ?' అని చేర్చాను. ఆయన నవ్వే బొమ్మ పెట్టి, 'అయింది సార్, మా ఆవిడే అడగమంది' అన్నాడు. ఇప్పుడాయన దొడ్లో నలభై కోళ్ళున్నాయి. నాతో రోజూ మాట్లాడతాడు.

కానీ ఆ నవ్వే బొమ్మ వెనుక దాగి ఉన్న బాధను కమిటీ గుర్తించింది.

వేదిక నడపడానికి అప్పుడే ఒక నిర్వహణ కమిటీ ఏర్పడి, పనేమీ లేక ఖాళీగా ఉంది. దాని అధ్యక్షులు విశ్రాంత సంయుక్త సంచాలకులు శ్రీ పరాంకుశరావు గారు. ఏ శాఖలో సంయుక్త సంచాలకులో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం కూడా ఎవరూ చెయ్యలేదు. కన్వీనరు వనమాల గారు. పెద్ద పెద్ద కంపెనీల్లో ఉద్యోగులకు ఒకరినొకరు నొప్పించకుండా మాట్లాడటం నేర్పేవారట. వీళ్ళిద్దరూ కలిసి వారం రోజుల్లో 'నవాగత సభ్యుల సంరక్షణ, సాంత్వన, సాధికారత పథకం' తయారుచేశారు. నలభై రెండు పేజీలుంది. అందులో కోడి అనే మాట ఒక్కసారి వస్తుంది, అదీ అట్ట మీద.

కోడిపిల్లల్ని గద్దలు ఎత్తుకుపోకుండా మనం గంప కింద మూసి పెడతాం కదా. ఈ సంగతి ఎవరో చెప్పగా విని విశ్రాంత సంయుక్త సంచాలకులు శ్రీ పరాంకుశరావు గారు పరవశించిపోయారు. కొత్త సభ్యుల కోసం వేదికలో 'గంప' అని ఒక గది కట్టించారు. కొత్తవాళ్ళు ఇరవై ఒక్క రోజులు అందులోనే ఉండాలి. గుడ్డు పిల్ల కావడానికి అన్ని రోజులు పడుతుంది కాబట్టి, మనిషి సభ్యుడు కావడానికి కూడా అన్నే పడుతుందని వారి ఊహ. గంపలో వాళ్ళు తమలో తాము ఎంతైనా మాట్లాడుకోవచ్చు. పాత సభ్యులు బయటి నుంచి చూడొచ్చు, చదవొచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. గద్దలెవరో వేరే చెప్పనక్కర్లేదు.

'అంటే కొత్తవాళ్ళకు జవాబు ఎవరు చెప్పాలండీ?' అని నేను అడిగాను.

దానికీ ఏర్పాటు ఉంది. యాభై నమ్మకం మార్కులున్న పాత సభ్యులు గంపలోకి వెళ్ళి జవాబు చెప్పొచ్చు. మార్కులు వేసేది కొత్త సభ్యులు. ఎవరి జవాబు చదివితే మనసుకు హాయిగా ఉంటుందో వాళ్ళకు వేస్తారు. అందరికీ సమాన అవకాశం ఉండాలని అందరినీ సున్నా దగ్గర మొదలుపెట్టించారు. జవాబు చెబితేనే మార్కులు, మార్కులుంటేనే జవాబు. ఈ చిన్న ఇబ్బందిని పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘంలో ఉండాలన్నా యాభై మార్కులు కావాలి కాబట్టి అందులో ఎవరూ లేరు.

ఇలా మేమంతా కళ్ళప్పగించి చూస్తుండగా రజిత వచ్చింది.

మంద రజిత అని పేరు. ఊరి పేరు కూడా రాసింది కానీ, కొత్తవాళ్ళ భద్రత కోసం కమిటీ దాన్ని నక్షత్రాలతో కప్పేసింది. ఆమె చేరి నాలుగో రోజు. రాసింది ఇదీ:

'అందరికీ నమస్తే. మా కోడిని పదమూడు గుడ్ల మీద పొదుగేసిన. ఆ దినమే ఈ వేదికల చేరిన. ఇయ్యాల పొద్దుగాల్ల కుక్క వచ్చి కోడిని ఎత్కపోయింది. గుడ్లు మాత్రం మంచిగనే ఉన్నయి. వీడియో జూసి థర్మాకోల్ డబ్బల బల్బు వెట్టి, గుడ్లు అండ్ల వెట్టిన. గుడ్లను తిప్పాల్నా, వద్దా? ఒక వీడియోల దినాం ఏడుసార్లు తిప్పమన్నడు. ఇంకొకాయిన తిప్పితె సస్తయన్నడు. ఇంకొకాయిన మిషిని కొనుక్కో అన్నడు. మా అత్తమ్మ అసలుకే ముట్టొద్దంటుంది. ఆ కోడి మా అమ్మ ఇచ్చింది. అమ్మ పోయి ఆర్నెల్లయితుంది. గా కోడివి ఈ గుడ్లే ఉన్నయి. జర ఎవరన్న జెప్పుండ్రి.'

ఇది చదివి నేను కుర్చీలోంచి లేచాను. తిప్పాలి. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోయి చస్తుంది. కోడి అయితే తనంతట తానే ముక్కుతో దొర్లిస్తూ ఉంటుంది. కోడి లేదు కాబట్టి ఆ పని మనిషి చెయ్యాలి. దినానికి కనీసం మూడుసార్లు, పద్దెనిమిదో రోజు దాకా. ఇంతే జవాబు. పట్టుమని పది మాటలు లేవు. నేను టైపు చేశాను, కింద అక్షరాలు మెరిశాయి: 'మీ నమ్మకం మార్కులు: సున్నా. మీ ఆత్రుతను అర్థం చేసుకోగలం.'

రజితకు మాత్రం కమిటీ వారి యంత్రం నుంచి అప్పటికప్పుడే జవాబు వెళ్ళింది. 'రజిత గారూ, మీరు చాలా మంచి ప్రశ్న అడిగారు. మీ ధైర్యాన్ని అభినందిస్తున్నాం. ఈ ప్రయాణంలో మీరు ఒంటరి కారు.'

'కోడి లేదు గదండి, ఒంటరినే' అని రజిత రాసింది.

గంపలో ఉన్న మిగతా కొత్తవాళ్ళు పాపం మంచివాళ్ళు. మంచితనంతోనే ఆమె మీద పడ్డారు. ఒకడు ఉరుములొస్తే గుడ్లు మురిగిపోతాయి, డబ్బాలో ఇనుప మేకు పెట్టమన్నాడు. మేకుతో నష్టమేం లేదు గాని, ఇంకొకామె గుడ్లకు తడిగుడ్డ చుట్టమంది. ఇంకొకడు బల్బు తీసేసి ఎండలో పెడితే సహజంగా ఉంటుందన్నాడు. అప్పుడు ఏప్రిల్ నెల. ఆ ఎండలో పెడితే సాయంత్రానికి ఉడికిన గుడ్లే మిగులుతాయి. బయట నేనూ, ఇంకో రెండు వందల మంది పాత సభ్యులూ గంప సందుల్లోంచి చూస్తూ గోళ్ళు కొరుక్కుంటున్నాం. అందరికీ జవాబు తెలుసు. అందరివీ సున్నాలే.

రజిత తెలివైంది కాబట్టి ఎండలో పెట్టలేదు. తిప్పడానికి మాత్రం జంకింది. 'అత్తమ్మ మాట ఇని ముడ్తలేను' అని ఐదో రోజు రాసింది.

ఆరో రోజు కమిటీ సమావేశం పెట్టించాను. మా సమావేశాలు ఫోన్లోనే జరుగుతాయి, ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తుంది. విశ్రాంత సంయుక్త సంచాలకులు శ్రీ పరాంకుశరావు గారు కోటు వేసుకుని కూర్చున్నారు. వెనక గోడకు ఆయనకు జరిగిన సన్మానాల ఫొటోలు వరుసగా ఉన్నాయి.

'సార్, ఒక్క మాట. గుడ్లు తిప్పమని ఆమెకు చెప్పాలి. మీరే చెప్పండి. నా పేరు కూడా వద్దు' అన్నాను.

'భిక్షపతి గారూ, మీరు సమస్యను గుడ్డు స్థాయిలో చూస్తున్నారు. మేము విధాన స్థాయిలో చూస్తున్నాం' అన్నారాయన.

'గుడ్డు స్థాయిలోనే పిల్ల ఉంటది గదా సార్.'

వనమాల గారు చిరునవ్వుతో అందుకున్నారు. ఆవిడ ఎప్పుడూ చిరునవ్వుతోనే అందుకుంటారు. 'మీరు తిప్పాలి అంటున్నారు. ఆ 'లి'లో ఒక ఆజ్ఞ ఉంది గమనించారా? ఆమె ఇప్పటికే ఒక కోడిని కోల్పోయిన స్థితిలో ఉన్నారు. తిప్పాలి అని చెబితే, ఇన్నాళ్ళు తిప్పలేదే అని ఆమెలో అపరాధ భావన కలగవచ్చు.'

'అపరాధ భావన కలిగితే కలిగింది, పిల్లలు బతుకుతాయి మేడం.'

'చూశారా. మీ మొదటి సంఘటనలోనూ ఇదే ధోరణి. పెళ్ళయిందా అని అడగటంలోనూ ఇదే ఉంది.'

ఏది మాట్లాడినా తిరిగి తిరిగి ఆ పెళ్ళి దగ్గరికే తెస్తారు. చివరికి విశ్రాంత సంయుక్త సంచాలకులు శ్రీ పరాంకుశరావు గారు తీర్మానం చదివారు. 'గుడ్లు తిప్పుట అను అంశముపై నిపుణుల అభిప్రాయము సేకరించి, నలభై ఐదు దినములలోగా ముసాయిదా జవాబును సభ్యుల పరిశీలనార్థము ఉంచవలెనని నిర్ణయించడమైనది.' గుడ్డు ఇరవై ఒక్క రోజుల్లో పిల్ల అవుతుందని ఆయనకు గుర్తు చేశాను. అది తమ పరిధిలోని అంశం కాదన్నారు.

ఆ సాయంత్రం కడుపు మండి, నలభై రెండు పేజీల పథకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. బహుశా రాసినవాళ్ళు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండరు. ముప్పై ఎనిమిదో పేజీలో దారి దొరికింది. 'క్రమశిక్షణ ఉల్లంఘించిన పాత సభ్యులు నవాగతుల వేదనను స్వయంగా అనుభవించి పరివర్తన చెందుటకై, వారిని తిరిగి నవాగతులుగా పరిగణించి గంపలో ప్రవేశపెట్టవలెను.' గంపలో ఉన్నవాళ్ళు గంపలో ఉన్నవాళ్ళతో ఎంతైనా మాట్లాడుకోవచ్చు. నేను క్రమశిక్షణ ఉల్లంఘిస్తే చాలు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా తీసుకోని మనిషిని, ఎలా ఉల్లంఘించాలా అని కూర్చుని ఆలోచించాను.

ముందు మర్యాదగా మొదలుపెట్టాను. 'ఈ కమిటీ వల్ల కోడికి గాని మనిషికి గాని ఏ ఉపయోగమూ లేదు' అని రాశాను. విశ్రాంత సంయుక్త సంచాలకులు శ్రీ పరాంకుశరావు గారి జవాబు వచ్చింది. 'నిర్మాణాత్మక విమర్శకు స్వాగతం.' కొంచెం ఘాటు పెంచి, 'మీ ఇద్దరికీ బుర్ర లేదు' అన్నాను. వనమాల గారు గుండె బొమ్మ పెట్టి, కోపాన్ని దాచుకోకుండా పంచుకున్నందుకు నా పేరు పక్కన 'హృదయ స్పష్టత' అని ఒక పతకం తగిలించారు.

మా ఆవిడ కౌసల్య వెనక నిలబడి ఇదంతా చూస్తోంది. విషయం తెలుసుకుని, 'గిదేం తిట్టుడయ్యా, పెండ్లి పత్రిక రాసినట్టు. ఇటియ్యి' అని ఫోను లాక్కుంది. మూడు వాక్యాలు రాసింది. అవి ఇక్కడ రాయలేను. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నాకు కూడా ఆ మూడూ కలిపి ఒకేసారి ఎప్పుడూ పడలేదు. పని అయిపోయిందనుకుని ఇద్దరం కూర్చున్నాం. గంట తర్వాత చూస్తే, కమిటీ వారు ఆ మూడు వాక్యాలను 'మన మాండలిక సంపద' అనే విభాగంలో అందరికీ కనబడేలా పైన పెట్టారు.

ఎనిమిదో రోజు తెల్లవారింది. రజిత ఒక్క మాటే రాసింది. 'ఎవ్వరు జెప్తలేరు.' అది చూశాక ఇక తిట్టే ఓపిక కూడా పోయింది. మంచిగా బతిమాలుకుందామని కూర్చుని ఇలా రాశాను. 'పరాంకుశరావు గారూ, నమస్కారం. మీరు క్షేమమని తలుస్తాను. దయచేసి ఆ అమ్మాయి విషయం ఒకసారి ఆలోచించండి.'

నాలుగు నిమిషాల్లో ఉత్తర్వు వచ్చింది. 'సదరు సభ్యుడు అధ్యక్షుల వారిని హోదారహితంగా సంబోధించి వేదిక ప్రతిష్ఠకు తీరని భంగం కలిగించినందున, తక్షణమే నవాగతుడిగా పరిగణించడమైనది.'

బుర్ర లేదన్నా తట్టుకున్న మనిషి, సంయుక్త సంచాలకులు అనకపోతే తట్టుకోలేకపోయారు. నాకు ఆ క్షణంలో ఆయన మీద నిజంగా ప్రేమ కలిగింది. ఆ రోజు నుంచి నేనాయన్ను పరాంకుశరావు అనే అంటున్నాను.

గంప తెరుచుకుంది. 'స్వాగతం భిక్షపతి గారూ. కోళ్ళ పెంపకానికి కొత్తా? కంగారు పడకండి' అని యంత్రం పలకరించింది. దాన్ని పక్కకు నెట్టి నేరుగా రాశాను.

'బిడ్డా రజితా, గుడ్లు తిప్పు. ఇప్పుడే తిప్పు. పెన్సిలుతో ఒక పక్క ఇంటూ, ఇంకో పక్క సున్నా గియ్యి. పొద్దున ఇంటూ పైకుంటే మధ్యాహ్నం సున్నా పైకి రావాలె, మాపటికి మళ్ళీ ఇంటూ. డబ్బలో ఒక గిన్నెతో నీళ్ళు పెట్టు, లేకుంటే పెంకు ఎండిపోతది.'

రెండు నిమిషాలకు జవాబు వచ్చింది. 'సారూ, మీరు గూడ కొత్తేనా?'

'ఇయ్యాలనే చేరిన' అన్నాను.

'మరి మీకెట్ల ఎరుక?'

'అది పెద్ద కథ బిడ్డా. ముందు తిప్పు.'

మరునాడు తలుపులు మూసి, గది చీకటి చేసి, ఒక్కో గుడ్డునూ టార్చిలైటు ముందు పెట్టి చూడమన్నాను. బతికున్న గుడ్డులో సన్నటి ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. చచ్చిన గుడ్డులో నెత్తురు చుట్టలాగా ఒక వలయం మాత్రమే ఉంటుంది. రజిత ఒక్కోటీ చూసి రాస్తూ పోయింది. తొమ్మిదింట్లో నరాలున్నాయి. నాలుగింట్లో వలయాలున్నాయి. ఆ నాలుగూ, తిప్పని నాలుగు రోజుల్లో పోయినవే. నేను ఆమెకు ఆ మాట చెప్పలేదు. కొన్ని గుడ్లు మొదట్నుంచీ మంచివి ఉండవని అబద్ధం చెప్పాను. ఫోను కింద పెట్టి చాలాసేపు పరాంకుశరావును మనసులో తిట్టుకున్నాను.

'నాలుగు పోయినా తొమ్మిదున్నయి గద సారూ' అని ఆమే నాకు ధైర్యం చెప్పింది.

నేను గంపలో పడిన సంగతి బయట పాకింది. మర్నాటి నుంచి పాత సభ్యులు ఒక్కొక్కరే 'పరాంకుశరావు గారూ, శుభోదయం' అని రాసి లోపలికి దూకడం మొదలుపెట్టారు. కొందరు వయసులో పెద్దవాళ్ళు మరీ మొహమాటపడి, 'పరాంకుశరావు గారూ, క్షమించండి, శుభోదయం' అన్నారు. వాళ్ళకూ అదే శిక్ష పడింది. నలభై ఏళ్ళుగా పుంజులు పెంచుతున్న కొయ్యడ రాజలింగం అన్న గంపలోకి వచ్చి, 'నేను కోళ్ళకు కొత్త, ఎవరైనా నేర్పండి' అని రాసి అందరినీ నవ్వించాడు. వారం తిరిగేసరికి గంపలో సంతగా ఉంది. తడిగుడ్డ చుట్టమన్నామె కోడికి కళ్ళవాపు వస్తే పది నిమిషాల్లో ఆరుగురు మందు చెప్పారు. కొత్తవాళ్ళు మార్కులు వేద్దామని చూస్తే, మార్కులు పాతవాళ్ళకే గాని కొత్తవాళ్ళకు ఉండవని యంత్రం చెప్పింది.

పరాంకుశరావు ఈ పరిణామాన్ని గమనించకపోలేదు. అందరికీ పంపే వారాంతపు నివేదికలో చాలా సంతోషంగా రాశాడు. 'ఈ వారంలో నవాగతుల సంఖ్య నాలుగు వందల పదహారుకు పెరిగినది. గంపలో సంభాషణలు పదిరెట్లు పెరిగినవి. ఫిర్యాదులు శూన్యం. ఇది పథకంపై ప్రజలకు కలిగిన విశ్వాసానికి నిదర్శనము.' బయట పెద్దల గదిలో చివరికి ఆయనా, వనమాల గారూ, ఎప్పుడో పాస్‌వర్డు మరిచిపోయిన కొన్ని వేల మందీ మిగిలారు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటూ ఉండేవారట. పూర్తి హోదాలతోనే చెప్పుకునేవారట.

మాకు ఇవేవీ పట్టలేదు. మా లెక్కంతా ఆ తొమ్మిది గుడ్లదే. పద్నాలుగో రోజు కరెంటు రెండు గంటలు పోతే, రాజలింగం అన్న సీసాలో వేడినీళ్ళు పోసి గుడ్ల పక్కన పెట్టమన్నాడు. పద్దెనిమిదో రోజు నేను, 'ఇక తిప్పకు బిడ్డా. మూత గూడ తియ్యకు. ఏం సప్పుడొచ్చినా తియ్యకు' అని చెప్పాను. ఇరవయ్యో రోజు సాయంత్రం రజిత రాసింది. 'సారూ, ఒక గుడ్డుల టిక్కు టిక్కుమంటుంది. మా అత్తమ్మ గూడ చెవ్వు వెట్టి ఇన్నది. మా అమ్మ కోడి పిల్లే అన్నది.' కౌసల్య ఆ మాట నాతో మూడుసార్లు చదివించుకుంది.

ఇరవై ఒకటో రోజు పొద్దున లేచి చూస్తే రజిత పేరు గంపలో లేదు.

ఆమె గుడ్లు పొదుగేసిన రోజే వేదికలో చేరింది. గుడ్లకు ఇరవై ఒక్క రోజులు నిండాయి, ఆమెకూ నిండాయి. యంత్రం ఆమెను తెల్లవారుజామునే పాత సభ్యురాలిని చేసి పెద్దల గదిలోకి పంపేసింది. నేను ఎనిమిదో రోజున పడినవాణ్ణి కాబట్టి ఇంకా గంపలోనే ఉన్నాను. నేను రాసింది ఆమె చదవొచ్చు గాని, ఆమె రాసింది నాకు రాదు. గుడ్లు ఏమయ్యాయో తెలియదు. గంపలో నాలుగు వందల మంది ఒకరినొకరు అడుగుతున్నారు, ఎవరికీ తెలియదు. నేను చాయ్ కూడా తాగలేదు.

పదకొండు గంటలకు 'గంప విమోచన సభ' అని ప్రకటన వచ్చింది. పథకం కింద సంరక్షణ పూర్తి చేసుకున్న తొలి సభ్యురాలు రజిత అట. ఆమె తన అనుభవాలను పంచుకుంటారు, అందరూ తిలకించవచ్చు అన్నారు. తిలకించడానికి కౌసల్యా నేనూ ఫోను ముందు కూర్చున్నాం. పరాంకుశరావు కొత్త కోటు వేసుకున్నాడు. రజిత ముఖం మొదటిసారి చూశాను. ముప్పై ఏళ్ళుంటాయేమో, కళ్ళు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. ఆమె వెనక ఎక్కడో కిచకిచమని వినిపిస్తోంది. ఎన్ని గొంతులో లెక్కపెడదామని చెవి ఆనించాను గాని, పరాంకుశరావు స్వాగతోపన్యాసం అడ్డం వచ్చింది.

'రజిత గారూ, మా సంరక్షణలో ఈ ఇరవై ఒక్క రోజులు మీరు ఎలాంటి అనుభూతి పొందారు?' అని వనమాల గారు అడిగారు.

'మంచిగనే ఉండె మేడం. మొదలు ఎవ్వరు జెప్పలేదు గని, తర్వాత మస్తుమంది జెప్పిన్రు. భిక్షపతి సారైతె దినాం జెప్పిండు.'

'భిక్షపతి కూడా నవాగతుడే' అన్నాడు పరాంకుశరావు. 'నవాగతులు నవాగతులకు తోడ్పడటమే మా పథకం ఆశయం.'

'సారుకు పిల్లల ముచ్చట జెప్పాలె. అడుగుడు గూడ ఉన్నది ఒకటి. గీడికెల్లి రాస్తె పోతలేదు మేడం.'

'మీరిప్పుడు పెద్దలు కదా రజిత గారూ. పెద్దల మాట నవాగతుల్లో ఆందోళన కలిగిస్తుంది. ఆయన బయటికి రావడానికి ఇంకా ఎనిమిది రోజులే. అంతవరకు ఆ భావాన్ని మీలోనే పదిలంగా ఉంచుకోండి.'

'ఎనిమిది దినాలా' అంది రజిత. ఒకసారి వెనక్కి తిరిగి డబ్బా వైపు చూసింది. మళ్ళీ ఇటు తిరిగింది.

'మా అధ్యక్షుల వారిని మీరేదైనా అడగదలిస్తే నిస్సంకోచంగా అడగవచ్చు' అన్నారు వనమాల గారు.

రజిత కొంచెం ఆలోచించింది. 'సార్, మీరు ఎన్ని కోళ్ళు పెంచుతున్నరు?'

పరాంకుశరావు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. 'కోళ్ళ పెంపకమునకును, కోళ్ళ పెంపకందారుల వేదిక నిర్వహణకును నేరుగా సంబంధము లేదు.'

'అంటే ఒక్కటి గూడ లేదా సార్?'

వెనక కిచకిచ ఒక్కటే వినిపిస్తోంది. వనమాల గారి చిరునవ్వు మొదటిసారి పోయింది. 'ఈ ప్రశ్న సభలో అభద్రతా వాతావరణాన్ని కలిగిస్తోంది' అన్నారు. తెర నల్లబడింది. నన్ను గంపలో వెయ్యడానికి నాలుగు నిమిషాలు పట్టింది. రజితకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె తెలిసి అడిగిందో, తెలియక అడిగిందో నేను ఇప్పటికీ కనుక్కోలేదు.

'స్వాగతం రజిత గారూ, కోళ్ళ పెంపకానికి కొత్తా?' అని యంత్రం ఇంకా పలకరిస్తుండగానే ఆమె మాట వచ్చిపడింది.

'సారూ, ఎనిమిది పిల్లలు లేసినయి. ఒకటేమో పొద్దటిసంది పెంకు పొడిచి అట్లనే ఉన్నది, ఎల్తలేదు. ముక్కు కనవడుతుంది. అత్తమ్మ పెంకు ఒలిచి తియ్యమంటుంది. పాపం ఆగమైతుంది సారూ. తియ్యాల్నా?'

'వద్దు బిడ్డా, ముట్టకు. మనం ఒలిస్తే నెత్తురు కారి సస్తది. ఎంతసేపైనా కానీ, దాన్నే రానియ్యి' అని కొట్టాను. నాది పోయిన వెంటనే రాజలింగం అన్నది పోయింది, 'ముట్టకు చెల్లె' అని. దాని కింద ఇంకొకటి, ఇంకొకటి. నాలుగు వందల మంది కొత్తవాళ్ళు ఒకే మాట రాశారు.

కౌసల్య అన్నం వడ్డించి పిలిచింది, వెళ్ళలేదు. ఆమే కంచం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. రెండున్నర దాటాక ఫోను మోగింది.

'వచ్చింది సారూ. తడితడిగనే ఉన్నది గని, లేసి వాటి మీద వడుతుంది.'

'ఎన్నయ్యా మొత్తం?' అని అడిగింది కౌసల్య.

తొమ్మిది అన్నాను. ఆమెకు సరిగా వినిపించలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.